పెద్దామె విత్తే దాకా

వాన పడిన మర్నాడే ఊరంతా చేలల్లో ఉంది. ఒగాల్లో అనే ఆయన లోగిలి ఒక్కటే కదల్లేదు.

అపోండి తన ఇంటి ముందు పీట వేసుకుని, చాటలో పోసిన ఒమెనా చేపల్లోంచి ఇసక ఏరుతోంది. ఏరినవాటినే మళ్ళీ ఏరుతోంది. జెముడు కంచె అవతల కొన్సొలాటా పొలంలో కూతుళ్ళిద్దరూ పారలతో గుంటలు తీస్తూ ముందు పోతుంటే, ఆమె వెనకాలే గుంటకి రెండేసి మొక్కజొన్న గింజలు వేసి, మడమతో మట్టి కప్పుకుంటూ వస్తోంది. తడిమట్టి వాసనకి అపోండి చేతులు ఊరుకోలేక చాటని ఇంకోసారి చెరిగాయి.

లోగిలి మధ్యలో, దడి వాకిలికి ఎదురుగా ఉన్న ఇల్లు పెద్దామె సిప్రోసాది. ఒగాల్లో మొదటి భార్య ఆవిడ. అపోండి రెండోది. ఒగాల్లో పోయి చాలా ఏళ్ళయినా లోగిలి వరస మారలేదు. ఏ పంటకైనా ముందు పెద్దామె గింజ మట్టిలో పడాలి. తర్వాత చిన్నామెది. ఆ తర్వాతే కొడుకులూ కోడళ్ళూ. వరస తప్పి కిందివాళ్ళ గింజ ముందు పడిందంటే పైవాళ్ళు ఆ ఏడు పార పట్టడానికి లేదు. పడితే ఇంటికి కీడు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. ఉమ్ము మింగడం ఎవరు నేర్పారు గనక.

సిప్రోసా ఎప్పటిలాగే పొద్దున్నే లేచింది. వాకిలి ఊడ్చింది. తల్లి లేని ఇద్దరు మనవరాళ్ళకి జడలు అల్లి బడికి పంపింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి తలుపు సగం మూసింది. ఎందుకు విత్తలేదని అపోండి వెళ్ళి అడగకూడదు. అడిగితే తొందరపెట్టినట్టు. చిన్నామె పెద్దామెని తొందరపెట్టిందంటే తప్పుపట్టినట్టే.

దడి వాకిలి పక్కన, లోపలికి వచ్చేవాళ్ళకి ఎడమచేతి వైపున ఒక గుడిసె ఉంది. అక్కడ కొడుకు ఉండాలి. అపోండికి ముగ్గురూ ఆడపిల్లలే. ముగ్గురూ అత్తవారిళ్ళలో ఉన్నారు. ఆ చోట ఎన్నో ఏళ్ళు గడ్డే ఉండేది. కిందటేడు జపాను నుంచి ఒక మొగుడూ పెళ్ళాం వస్తున్నారనీ, జీతం లేకుండానే బడి తోటలోనూ ఆడవాళ్ళ సంఘంలోనూ పని చేస్తారనీ, ఎవరైనా కాస్త చోటివ్వాలనీ హెడ్మాస్టరు అడిగితే, అపోండి అందరికన్నా ముందు లేచి నిలబడింది. గడ్డి కోయించి ఆ చోటే గుడిసె వేయించింది. వాళ్ళు దిగిన రోజున కోడిని కోసి, నలుగురినీ పిలిచి, వీళ్ళు నా కొడుకూ కోడలూ అంది. జనం చప్పట్లు కొట్టారు. కొడుకు తల జూస్తే తల్లి తలకన్నా ముందే నెరిసిందే అని కొన్సొలాటా నవ్వించింది. హిసావో, ఫుమి ఇద్దరూ నడుములు వంచి దణ్ణం పెట్టారు. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. అపోండి కూడా.

వాళ్ళ సంసారం చూడటం ఊరికి ఒక వేడుక. హిసావో చెరువు నుంచి కర్రకి రెండు డబ్బాలు వేలాడదీసుకుని భుజాన మోసుకొస్తాడు. మగవాడు నీళ్ళు మొయ్యడమే వింత, పైగా తల మీద కాకుండా భుజం మీద. మొదట్లో ఆడవాళ్ళు దారికి అటూ ఇటూ నిలబడి చూసేవాళ్ళు. ఫుమి కట్టెలు కొడుతుంది. అతను బట్టలు ఉతుకుతాడు. ఇద్దరూ ఒకే గిన్నె దగ్గర కూచుని మొక్కజొన్న పిండి ముద్ద, ఉగాలిని కూడా పుల్లలతో తుంచుకుని తింటారు. మీరు చైనావాళ్ళే కదా అని ఎవరైనా అంటే ఫుమి కాదు కాదని చెయ్యి ఊపుతుంది. ఏదైతేనేం, అటువైపే కదా అని అందరూ చైనావాళ్ళనే పిలుస్తారు. తమ ఊళ్ళో వరి పండించిన చేతులు వాళ్ళవి. ఏడాదిలో భాష కొంత పట్టుబడింది గానీ, నేల సంగతి మాత్రం మొదటి రోజు నుంచే తెలుసు.

ఆ పూట హిసావో గుడిసె బయట పెట్టిన రేకు డబ్బాలో వాన ఎంత పడిందో చూసి, దాన్ని పట్టుకుని అపోండి దగ్గరకి వచ్చాడు. వాన బాగుందన్నాడు. మళ్ళీ పడేలోగా గింజ వెయ్యాలన్నాడు. ఆగాలి బాబూ అంది అపోండి. గింజలు లేవా అన్నాడు. ఉన్నాయంది. నిజంగానే ఉన్నాయి. వానకి ముందు వీళ్ళిద్దరే సంఘంలో ఉన్న ఆడవాళ్ళందరికీ బడి దగ్గర గింజల సంచులు పంచారు, మందు పూసిన గులాబీ రంగు గింజలు. అపోండి సంచి మంచం కింద ఉంది. అయితే నడుము నొప్పా అని అతను తన నడుము మీద చెయ్యి వేసుకుని చూపించాడు. ఆవిడకి నవ్వొచ్చింది. ఏ నొప్పీ లేదు, ఆగాలి, అంతే అంది. పెద్దామె ఇంకా విత్తలేదని అనడానికి నోరు రాలేదు. ఆ తలుపు సగం తెరిచే ఉంది.

హిసావో ఆవిడ మోకాళ్ళకేసి చూశాడు, పొలానికేసి చూశాడు, డబ్బాలో నీళ్ళు పారబోసి వెళ్ళిపోయాడు. గుడిసె ముందు వాళ్ళిద్దరూ చాలాసేపు వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకున్నారు.

మర్నాడు సంత. అపోండి చిలగడదుంపల బుట్ట నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే వెళ్ళింది. తిరిగి వస్తుంటే దారిలో కొన్సొలాటా ఎదురైంది. ఆమె మొహంలో నవ్వూ భయమూ రెండూ కలిసి ఉన్నాయి.

"నీ కొడుకూ కోడలూ మాంచి పనిమంతులే తల్లీ. అత్తకి అలుపు లేకుండా చేశారు."

ఏమిటని అపోండి అడిగింది.

"వెళ్ళి చూసుకో. నేను కంచె దగ్గర్నుంచి అరిచాను కూడా. చెయ్యి ఊపి, దణ్ణం పెట్టి, మళ్ళీ వంగారు."

అపోండి తన ఇంటి వెనకకి వెళ్ళి చూసింది. పొలంలో సగానికి పైగా చదునైన వరసలు. హిసావో ముడులు వేసిన తాడు ఒకటి ఇటు నుంచి అటు లాగి కట్టాడు. ప్రతి ముడి దగ్గరా ఒక గుంట, గుంట మీద అరచేత్తో తట్టిన గుర్తు. ఊళ్ళో ఎవరూ అంత తిన్నగా విత్తరు. ఫుమి చేను గట్టు మీద నిలబడి మోచేతుల దాకా మట్టితో నవ్వుతోంది. ఆమె వేళ్ళు గులాబీ రంగుగా ఉన్నాయి. వాళ్ళ వంతు గింజలతోనే విత్తారట. అమ్మ సంచి అమ్మకే ఉందట. హిసావో అది ఆనందంగా చెప్పాడు. ఆవిడ సంతకి వెళ్ళే రోజు కోసమే ఆగారట.

అపోండి బుట్ట దింపలేదు. దింపడం మరిచిపోయింది. ఫుమి వచ్చి బుట్ట అందుకుని కింద పెట్టి, చెయ్యి పట్టుకుని గుడిసె నీడలోకి తీసుకెళ్ళి కూచోబెట్టింది. పాలు పోసిన టీ ఇచ్చింది. అపోండి తాగింది. టీ బాగుంది. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. తన కడుపున పుట్టిన కూతుళ్ళు కూడా ఏనాడూ ఆవిడ లేని వేళ చూసి ఆవిడ పని చేసి పెట్టలేదు. ఆ పనే ఆవిడ మెడకి చుట్టుకుంది. రెండూ ఒకే చేతులు చేశాయి. దేన్ని పట్టుకుని ఏమనాలి?

హిసావో ఆవిడ మొహం చూసి నవ్వు మానేశాడు. "తప్పా అమ్మా?"

ఆవిడ కప్పు కింద పెట్టి, టీలో పంచదార ఎక్కువైందంది.

సాయంత్రానికి ఒబిల్లో వచ్చాడు. ఒగాల్లో తమ్ముడు. పెద్దామె కొడుకులిద్దరూ ఊళ్ళో లేనప్పుడు లోగిలికి మగదిక్కంటూ ఆయనే. అపోండి వేసిన కుర్చీలో కూచుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు దారి మీద పోయే సైకిళ్ళ గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"వదినా, ఊళ్ళో అప్పుడే అనుకుంటున్నారు. కొడుకు స్థానంలో ఉన్నవాడు విత్తాడు. ఇక నువ్వూ, పెద్ద వదినా ఈ ఏడు పార పట్టకూడదు. రెండిళ్ళు ఏం తింటాయి?"

అపోండి గుడిసెకేసి చూసింది.

"దారి ఉంది. రేపు ఇద్దరు పెద్దల్ని తీసుకొస్తాను. వాళ్ళ ముందు ఒక్క మాట చెప్పు. వీళ్ళు నాకేమీ కారు, చోటడిగితే ఇచ్చాను అని చెప్పు. పరాయివాడు వేసిన గింజకి వరస లేదు. పిట్ట రెట్టలో గింజ మొలిస్తే పిట్టని తప్పుపడతామా?"

"మరి గుడిసె?"

"గుడిసె అక్కడ ఉండదు కదా మరి. అది కొడుకు చోటు. విప్పించాలి. బడి దగ్గర గది ఖాళీగా ఉందిగా, వాళ్ళకేం ఇబ్బంది?"

ఇంకో దారి లేదా అని అడిగింది. మొలక పైకి రాకముందే వేసిన గింజ వేసినట్టు తీసెయ్యాలి, అదే ఇంకో దారి అన్నాడు ఒబిల్లో. అని తనే నవ్వాడు. అంత చేనులో గింజలు ఏరినవాళ్ళని నేను పుట్టి చూడలేదన్నాడు. టోపీ పెట్టుకుని లేచాడు.

గుడిసెలో దీపం వెలిగింది. ఫుమి ఏదో గొణుగుతూ పాడుకుంటోంది. అపోండికి ఒబిల్లో మాట సబబుగానే తోచింది. ఒక్క మాటే కదా. వాళ్ళకి అర్థం కూడా సరిగా కాదు. మళ్ళీ మర్నాటి నుంచి పలకరించవచ్చు, బడికి వెళ్ళినప్పుడు చూడవచ్చు. కానీ ఆ చోట మళ్ళీ గడ్డి మొలుస్తుంది. లోగిలిలోకి వచ్చే ప్రతివాళ్ళూ ముందు ఎడమచేతి వైపు చూస్తారు. చూసి, ఓహో, ఈవిడకి ఎవరూ లేరు కదా అనుకుంటారు. పైకి అనరు. అనకపోవడమే ఎక్కువ.

పొద్దున్నే సిప్రోసా ఇంటికి వెళ్ళింది. పెద్దామె కోపంతో మండిపడుతుందని సిద్ధపడే వెళ్ళింది. నలభై ఏళ్ళుగా ఆ కోపం తెలుసు. ఒకసారి తను ముందుగా గుమ్మడి పాదు పెట్టిందని పెద్దామె వర్షాకాలమంతా మాట్లాడలేదు.

సిప్రోసా పొయ్యి దగ్గర కూచుని ఉంది. కుండలో నీళ్ళు మాత్రం కాగుతున్నాయి. కూచోమంది. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. చిన్న మనవరాలికి దగ్గు తగ్గిందంది. వాళ్ళు విత్తిన సంగతి అపోండి ఎత్తేసరికి ఆవిడ పుల్ల ఒకటి పొయ్యిలోకి తోసింది.

"అయిందేదో అయింది. వాళ్ళకేం తెలుసు పాపం. మనకి ఈ ఏడు రాసిపెట్టి లేదు. అంతే."

అపోండి తెల్లబోయింది. తిట్టు కోసం వంచిన తల వంచినట్టే ఉండిపోయింది. మరిది చెప్పిన మాట చెప్పింది. వాళ్ళు పరాయివాళ్ళే అని నేను ఒప్పుకుంటే రేపే మీరు విత్తవచ్చు అక్కా అంది.

"నాకోసం ఎవరినీ వెళ్ళగొట్టకు" అంది సిప్రోసా. ఆ మాట చల్లగా ఉంది గానీ, తొందరగా వచ్చింది.

పెద్దామె నోట ఇంత మంచితనం ఎప్పుడూ వినలేదు అపోండి. ఏమీ అర్థం కాలేదు. ఏం చెయ్యాలో తోచక తల ఎత్తింది. పొయ్యి పైన వాసాలకి తాళ్ళు వేలాడుతున్నాయి. ఏటా ఆ తాళ్ళకి విత్తనపు కంకులు పొట్టుతో సహా కట్టి, పొగ తగిలేట్టు గుత్తులుగా వేలాడదీస్తుంది సిప్రోసా. అపోండికి కావలసినవి కూడా ఆ గుత్తుల్లోంచే దించి ఇచ్చేది. ఇప్పుడు తాళ్ళు ఉన్నాయి. కంకులు లేవు. మసి పట్టిన ముడులు మాత్రం గాలికి కదులుతున్నాయి.

"పైకేం చూస్తావు" అంది సిప్రోసా. "పొగ కళ్ళలో పడుతుంది."

అపోండి కళ్ళు దించింది. కాగుతున్న కుండకేసి చూసింది. ఎండాకాలం చివర్లో ఈ ఇంట్లోంచి ఉడికిన మొక్కజొన్న వాసన వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. పెద్దామె ఇంట్లో ఇంకా గింజలున్నాయి, అదృష్టవంతురాలు అనుకుంది అప్పుడు. విత్తనం వండుకు తిన్న ఇల్లంటే ఊళ్ళో ఎవరూ పిల్లనివ్వరు, పిల్లని తీసుకోరు. చేతులెత్తేసిన ఇల్లని అర్థం. ఎవరికీ చెప్పుకోకుండా సగం తలుపు మూసుకుని కూచుంది పెద్దామె. చైనావాళ్ళు విత్తారన్న కబురు ఆవిడకి ఆపద కాదు. అడ్డుపెట్టుకోవడానికి ఒక చాప దొరికింది.

ఏమీ చూడనట్టే కాసేపు కూచుని, చిన్నదాని దగ్గుకి ఏ ఆకు మంచిదో చెప్పి, అపోండి లేచి వచ్చేసింది.

తన ఇంట్లోకి వచ్చి మంచం కింద నుంచి సంచి లాగి ఒళ్ళో పెట్టుకుంది. నిండా గింజలు. ఇది తీసుకెళ్ళి అక్కా ఇదిగో అంటే చెంప మీద కొట్టినట్టే. విత్తనం పెద్ద చేతి నుంచి చిన్న చేతికి దిగుతుంది. సవతి చేతి నుంచి పైకి ఎక్కదు. సంఘంలోవాళ్ళకి పంచినప్పుడు మోకాళ్ళ నొప్పులతో బడి దాకా నడవలేని ముసలిదాని వంతు అంటూ ఒకటి తీసి ఉంచాలని ఎవరికీ తోచలేదు. ఫుమికి తోచలేదు. తనకే తోచలేదు. పెద్దామెకి గింజలు లేకపోవడమనేది తోచే సంగతి కాదు.

వాళ్ళు పరాయివాళ్ళంటే పెద్దామె రేపు పారతో ఊరందరి ముందూ చేలోకి దిగాలి. ఏం పట్టుకుని దిగుతుంది? పరాయివాళ్ళ చేత గింజలు పంపిస్తే దానం అవుతుంది. ఆవిడ దానం పుచ్చుకోదు. వాళ్ళు కొడుకూ కోడలూ అంటే రెండిళ్ళూ ఈ ఏడు పస్తు. ఎటు తిప్పినా ముడి ఇంకొంచెం బిగుస్తోంది. కోడలైతే అత్తకి గింజలు పట్టుకెళ్ళవచ్చు, అది మామూలే, కోడలు తన చాటలోంచి అత్త చాటలో పోస్తే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ కోడలైతే... అని అక్కడ మళ్ళీ మొదటికి వచ్చింది. సంచి మూతి కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. బయట ఒబిల్లో గొంతు వినిపించింది.

పెద్దలిద్దరూ వచ్చారు. కంచె అవతల కొన్సొలాటా, ఆమె కూతుళ్ళూ, ఇంకో నలుగురు ఏదో పని ఉన్నట్టు నిలబడ్డారు. ఒబిల్లో గుడిసెలోంచి వాళ్ళిద్దరినీ పిలిచాడు. ఎప్పటిలాగే కుర్చీలు వేసి వాళ్ళని ముందు కూచోబెట్టారు. హిసావో కుర్చీ అంచు మీద కూచుని ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తున్నాడు. ఫుమి గులాబీ వేళ్ళు ఒళ్ళో దాచుకుంది.

ఒబిల్లో సంగతంతా పెద్దలకి విన్నవించాడు. చిన్న వదిన ఒక మాట చెబుతుందన్నాడు.

అపోండి లేచింది. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. వీళ్ళు నాకేమీ కారు. చిన్న మాట, సంతలో రోజూ వాడే మాట. ఆవిడ ఫుమికేసి చూడకూడదనుకుంది, చూసింది. ఫుమి ఏం జరుగుతోందో తెలియకుండానే, అలవాటు ప్రకారం, ధైర్యం చెప్పినట్టు తల ఊపింది.

"గింజలు తీయిస్తాను" అంది అపోండి.

పెద్దల్లో ఒకాయన చెవి ముందుకి పెట్టాడు. ఎవరు తీస్తారని ఒబిల్లో అడిగాడు.

"వేసినవాళ్ళే తీస్తారు. నా కొడుకూ కోడలూ."

కంచె దగ్గర ఎవరో నవ్వారు. అంతకన్నా పక్షులకి చెబితే నయం కదమ్మా అంది కొన్సొలాటా. ఒబిల్లో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం, మొలక రాకముందు తీస్తే తప్పులేదు, పొద్దు వాలేలోగా కావాలి అని తేల్చి చెప్పాడు.

అపోండి ఫుమి చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకెళ్ళింది. మొదటి వరసలో వంగి, రెండు వేళ్ళతో మట్టి పక్కకి తోసి, గింజ తీసి ఫుమి అరచేతిలో పెట్టింది. తడికి ఉబ్బి మెత్తబడిన గింజ. తర్వాతి గుంట చూపించింది. ఫుమి అరచేతికేసి, ఆవిడకేసి చూసింది. హిసావో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, వద్దు. బతికి ఉంది. రేపు మొలక." అతని గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. గింజ తన చేతిలోకి తీసుకుని, గుంటలో తిరిగి పెట్టబోయాడు. అపోండి అతని మణికట్టు పట్టుకుంది.

"నువ్వు నాకు ఎవరు?"

అతను తడబడ్డాడు. "కొడుకు. మీరు చెప్పారు."

"కొడుకు అమ్మకన్నా ముందు విత్తడు. అమ్మ పెద్దమ్మకన్నా ముందు విత్తదు. పెద్దమ్మ ఇంకా విత్తలేదు."

చెప్పాక తనకే ఆశ్చర్యమేసింది. అంతే మాట. నాలుగు ముక్కలు. నిన్న టీ తాగుతున్నప్పుడు ఎందుకు నోరు రాలేదో తెలియలేదు. హిసావో అర్థమైనట్టు తల ఊపాడు. వెంటనే కానట్టు తల అడ్డంగా ఊపాడు. వాన పోతుంది అన్నాడు. పోతే పోతుందంది అపోండి. అతను గింజని వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని ఫుమి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా గుడిసెలోకి వెళ్ళిపోయాడు.

ఫుమి మోకాళ్ళ మీద కూచుంది. రెండో గుంట తవ్వింది. మూడోది. అపోండి పక్కన కూచోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఏం అర్థమై అడ్డం పెట్టిందో మరి. ఆవిడ గట్టు మీదకి వెళ్ళి నిలబడింది. అసలు ఈ చేలో నా వేలు కూడా పడకూడదు కదా, మొదటి గింజ తీసినప్పుడే తప్పు చేశానేమో అని ఒక భయం పుట్టింది. తీయడం విత్తడం కాదులే అని దాన్ని అణిచేసుకుంది.

మూడో వరసలో గుంటలు కనపడటం మానేశాయి. పొద్దున పడిన జల్లుకి అరచేతి గుర్తులు చెరిగిపోయాయి. ఫుమి తోచినచోట తవ్వుతోంది, సగం చోట్ల ఏమీ లేదు. కంచె దగ్గర మాటలు తగ్గాయి. నవ్వడానికీ ఏమీ మిగల్లేదు.

అప్పుడు హిసావో గుడిసెలోంచి బయటికి వచ్చాడు. భుజం మీద ముడుల తాడు ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. మేకు ఈ చివర పాతాడు, ఆ చివర పాతాడు, తాడు బిగించాడు. ముడి ఎక్కడుందో గుంట అక్కడుంది. ఒక ముడి అతను, ఒక ముడి ఆమె. చేతులు తప్ప మనుషులు కదుల్తున్నట్టు లేదు. ఫుమి నడుముకి కట్టుకున్న గుడ్డని ఒడి చేసుకుంది. గింజ దొరికినప్పుడల్లా హిసావో దాని మొన చూస్తున్నాడు. తెల్లటి మొన పొడుచుకొచ్చినవాటిని వేరే పెడుతున్నాడు, పురిటి బిడ్డని దించినట్టు. కొన్సొలాటా ఒక డబ్బాతో నీళ్ళు తెచ్చి కంచె సందులోంచి లోపలికి తోసింది. తాగమని చెప్పండి, పిచ్చివాళ్ళు ఎండలో పడిపోతారు అంది. తరవాత తన పని చూసుకుంది.

పొద్దు వాలేసరికి చివరి వరస అయింది. ఫుమి ఒడి నిండా తడి గింజలు. చాటలో పోసి గుడ్డ కప్పింది. హిసావో మట్టి చేతులతో అపోండి ఎదుటికి వచ్చాడు. ఇవాళే మళ్ళీ నేలలో పడాలి అన్నాడు. లేకపోతే చస్తాయన్నాడు. ఆ మాటలో కోపం ఉందో బతిమాలడం ఉందో ఆవిడకి తెలియలేదు.

ఒక ముడి విప్పబోయి ఇంకో ముడి చేతికి దొరికినట్టు, అప్పుడు తోచింది ఆవిడకి. తోచిందని ఎవరికీ చెప్పలేదు. ఫుమి నెత్తి మీద గుడ్డ సర్దింది. చాట ఆమె చేతుల్లో పెట్టింది.

"పెద్దమ్మ దగ్గరకి తీసుకెళ్ళు. మోకాళ్ళ మీద కూచుని కింద పెట్టు. మాట్లాడకు. ఎవరు పంపారంటే, ఎవరూ పంపలేదను. కోడళ్ళని ఎవరూ పంపరు."

ఎన్ని మాటలు ఎక్కాయో తెలియదు. ఫుమి వెళ్ళింది. అపోండి మాత్రం తన ఇంట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడింది. తను అక్కడ కనపడితే సవతి పంపిన గింజలవుతాయి.

తలుపు సందులోంచి కనపడుతోంది. సిప్రోసా గుమ్మంలో మనవరాళ్ళ కాళ్ళు కడుగుతోంది. ఫుమి చాట దించి, రెండు మోకాళ్ళూ మడిచి మడమల మీద కూచుని, నుదురు నేలకి తాకేలా వంగింది. ఇక్కడెవరూ అంతలా వంగరు. వంగి లేవలేదు. సిప్రోసా నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒంటికాలి మీద నిలబడ్డ చిన్న మనవరాలు ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకుంది.

సిప్రోసా చాట మీద గుడ్డ తీసింది. గింజలు చూసింది. అపోండి ఇంటికేసి చూసింది. ఆ చూపులో ఏముందో ఇంత దూరం నుంచి తెలియలేదు. తిరస్కారమే అనిపించింది ఒక క్షణం. చాట తన్నేస్తే గింజలు కాళ్ళు కడిగిన బురదలో కలిసిపోతాయి. కంచె అవతల ఇంకా జనం ఉన్నారు.

"ఏమే కోడలా" అంది సిప్రోసా, కంచె దాకా వినపడేలా. "గింజలు నానబోసి తెచ్చావేమే. మీ అత్త ఇదేనా నీకు నేర్పింది? నేనేం పొద్దు గుంకాక విత్తాలా?"

ఫుమికి ఏమీ అర్థం కాలేదు. ఇంకా వంగింది.

"లే, లే. పార ఆ తలుపు వెనక ఉంది, పట్రా."

పెద్దామె ఇంటి వెనక చేలోకి దిగింది. మోకాళ్ళు పట్టేస్తున్నా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మొదటి వరసంతా తనే గుంట తీసి, తనే గింజ వేసి, మడమతో కప్పింది. తర్వాత పార మీద ఆనుకుని నిలబడి, మిగతావి నువ్వు వెయ్యవే అంది. మనవరాళ్ళు ఫుమి వెనకాల గింజలు అందిస్తూ నడిచారు. వరస వంకరగా పోతోందని, చైనాలో కళ్ళజోళ్ళు దొరకవా అని సిప్రోసా తిడుతూనే ఉంది. అపోండి తలుపు వెనక నుంచి బయటికి వచ్చి, ఏమీ తెలియనట్టు, చేపల చాట చేతిలోకి తీసుకుంది.

మర్నాడు తెల్లవారగానే అపోండి మంచం కింద సంచి తీసి తన చేలోకి దిగింది. వాన మబ్బు మళ్ళీ కడుతోంది. రెండు వరసలు అయ్యేసరికి వెనక అలికిడి అయింది. హిసావో, ఫుమి చెరో పారతో, తాడుతో వచ్చారు. గుడిసె పక్కన వాళ్ళకని ఇచ్చిన చిన్న నేల చెక్క ఒకటి ఉంది. తాడు కట్టిన మేకు అందులోనే ఒక చివర పాతాడు హిసావో.

"ఇవాళ కాదు" అంది అపోండి.

ఇద్దరూ ఆగారు. పెద్దమ్మ విత్తింది, మీరు విత్తుతున్నారు, ఇక ఏమిటి అన్నట్టు అతను వేళ్ళు మడిచి చూపించాడు. అపోండి ఒకటొకటే చెప్పింది. నా చేను పూర్తి కావాలి. తర్వాత పెద్దమ్మ కొడుకు పట్నం నుంచి శనివారం వస్తాడు, అతను విత్తాలి. అతని తర్వాత అతని తమ్ముడు. ఆ తర్వాత మీరు. పెద్దమ్మ కొడుకులిద్దరూ హిసావో కన్నా చాలా చిన్నవాళ్ళని అతనికి తెలుసు. అతను నెరిసిన తల తడుముకున్నాడు.

మీ నడుము నొప్పి, మేం సాయం చేస్తాం అన్నాడు. నాకే నొప్పీ లేదంది.

ఇన్నాళ్ళూ ఈ లోగిలిలో ముందు కుర్చీ వాళ్ళది, ముందు టీ వాళ్ళది, కోడి కోస్తే కందనకాయ వాళ్ళది. ఇప్పుడు మబ్బు కిందికి దిగుతుంటే, ఊరంతా విత్తేసి ఉంటే, పారలు ఒళ్ళో పెట్టుకుని గుడిసె గుమ్మంలో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. కొన్సొలాటా కంచె మీద నుంచి చూసి, ఏం చైనా అబ్బాయ్, అలిగావా అంది. హిసావోకి నవ్వాలో లేదో తెలియలేదు. అపోండికి కూడా ఆ మొహం చూస్తే జాలి వేసింది. పిలిచి ఒక వరస వెయ్యనిస్తే ఏం పోతుందని ఒకసారి అనిపించింది. చెయ్యి ఎత్తబోయి పార సర్దుకుంది.

మొదటి చినుకులు పడ్డాయి. ఫుమి గుమ్మంలోంచి లేచి, తమ వంతులో మిగిలిన గింజల గిన్నె గుండెలకి పట్టుకుని అరిచింది.

"అమ్మా, ఇప్పుడా?"

అపోండి తల ఎత్తలేదు. గుంటలో రెండు గింజలు వేసి, మడమతో మట్టి కప్పింది.

"ఇంకా కాదే. లోపలికి పో, తడుస్తావు."